సఫ్రానీ: ఇతరుల త్యాగాన్ని తన పేరులో నిలుపుకున్న హైదరాబాదీ

మన ఇళ్లలో బిడ్డ పుట్టిన ఏడో రోజున అఖీఖా చేసి పేరు పెట్టడం ఆనవాయితీ. ఆ పేరు కోసం ఇంటిల్లిపాదీ ఆలోచిస్తారు. నానా ఒక పేరు చెబుతారు, దాదీ మరొకటి చెబుతారు, అర్థం మంచిదేనా అని మసీదు ఇమామ్ సాబును అడుగుతారు. పేరు మనిషిని జీవితాంతం వెన్నంటి ఉంటుంది గనుక మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల బాధ్యత అని మన పెద్దలు చెప్పారు.

అలా పెద్దలు పెట్టిన చక్కని పేరు ఉండగానే, యుక్తవయసు వచ్చాక దాని చివర తనంతట తానుగా ఇంకొక మాట చేర్చుకున్న హైదరాబాదీ ఒకరున్నారు. ఆ మాట ఆయన వంశానిది కాదు, ఊరిది కాదు, తరీఖాది కాదు. తన మతస్తులు కాని తోటి సైనికులు చేసిన ఒక త్యాగానికి గుర్తుగా ఆయన దానిని స్వీకరించారు. ఆయనే ఆబిద్ హసన్ సఫ్రానీ. ‘జైహింద్’ అనే నినాదాన్ని దేశానికి అందించిన వ్యక్తిగా చాలామంది ఆయనను విని ఉంటారు. ‘సఫ్రానీ’ అన్న మాట వెనుక ఉన్న కథ మాత్రం మన పిల్లలకు అంతగా తెలియదు. ఈ సంచికలో ఆ సంగతిని కొంచెం వివరంగా చెప్పుకుందాం.

మన పేర్లు ఎలా ఏర్పడతాయి?

ముందుగా పేర్ల గురించి నాలుగు మాటలు. అరబ్బీ, ఫార్సీ సంప్రదాయంలో ఒక మనిషి పేరులో చాలా భాగాలు ఉండవచ్చు. పుట్టినప్పుడు పెట్టే అసలు పేరు ‘ఇస్మ్’. ఫలానావారి తండ్రి, ఫలానావారి తల్లి అని పిలిచేది ‘కున్యత్’. గుణాన్ని బట్టి లోకం ఇచ్చే బిరుదు ‘లఖబ్’. కవులు తమకు తాము పెట్టుకునే కలం పేరు ‘తఖల్లుస్’. మీర్జా అసదుల్లా ఖాన్‌కు గాలిబ్ అన్నది అలాంటి తఖల్లుస్సే. వీటితోపాటు మనిషిని ఒక ఊరితోనో వంశంతోనో గురుపరంపరతోనో ముడివేసే భాగం ఒకటుంటుంది. దానిని ‘నిస్బత్’ అంటారు. చివర ‘ఈ’కారం వచ్చే మాటల్లో చాలావరకు ఇవే.

బుఖారా నగరానికి చెందితే బుఖారీ, హైదరాబాద్‌కు చెందితే హైదరాబాదీ. ఖురైష్ తెగవారు ఖురేషీలు. హజ్రత్ అబూబక్ర్ సిద్దీఖ్ సంతతి అని చెప్పుకొనేవారు సిద్దీఖీలు, హజ్రత్ ఉమర్ ఫారూఖ్ సంతతి అని చెప్పుకొనేవారు ఫారూఖీలు. సూఫీ పరంపరలను బట్టి చిష్తీ, ఖాద్రీ వంటి పేర్లు వచ్చాయి. మన తెలుగు జిల్లాల్లో ఈ పద్ధతి మరో రూపం తీసుకుంది. ఇంటిపేరును ముందు రాయడం తెలుగువారి అలవాటు కాబట్టి షేక్, సయ్యద్, మొహమ్మద్, పఠాన్ అన్నవే ఇంటిపేర్లుగా స్థిరపడ్డాయి. మా హాజరు పట్టీలో ‘ఎస్‌.కె.’, ‘ఎండీ’ అన్న పొడి అక్షరాలు వరుసగా కనబడేది అందుకే.

ఈ పేర్లన్నింటిలో ఒక పోలిక ఉంది. అవి మన పూర్వీకులను, మన ఊరిని, మన గురువులను తలచుకుంటాయి. అంటే మనకు చెందిన గొప్పతనాన్నే చెబుతాయి. అందులో తప్పేమీ లేదు. అన్సారీ అనే పేరు మాత్రం కొంచెం ప్రత్యేకమైనది. మక్కా నుంచి కట్టుబట్టలతో వలస వచ్చిన ముహాజిర్లకు మదీనావాసులు తమ ఇళ్లలో, తోటల్లో, సంపాదనలో వాటా ఇచ్చారు. ఆ సహాయకులే అన్సార్లు. వారి వారసత్వాన్ని చెప్పే పేరు ఒక త్యాగాన్ని తలచుకునే పేరు. అయినా అదీ తమ పూర్వీకుల త్యాగమే. అవతలివారి త్యాగాన్ని తన పేరులో నిలుపుకోవడం అరుదు. ఆబిద్ హసన్ చేసింది ఆ అరుదైన పని.

ఆబిద్ మంజిల్ బిడ్డ

ఆయన అసలు పేరు జైనుల్ ఆబిదీన్ హసన్. 1911లో హైదరాబాద్‌లో జన్మించారు. జైనుల్ ఆబిదీన్ అంటే ఆరాధకులకు అలంకారం వంటివాడని అర్థం. కర్బలా విషాదం తరువాత ప్రాణాలతో మిగిలిన ఇమామ్ హుసైన్ కుమారుడి బిరుదు అది. హసన్ అంటే మంచివాడు, అందమైనవాడు. ప్రవక్త (స) మనుమడి పేరు. అంటే ఆయన పేరు నిండా ఇస్లామీ సంప్రదాయమే ఉంది.

తండ్రి అమీర్ హసన్ నిజాం ప్రభుత్వంలో అధికారి. తల్లి ఫఖ్రుల్ హాజియా బేగం ‘అమ్మాజాన్’గా ప్రసిద్ధురాలు. గాంధీజీని, సరోజినీ నాయుడిని అభిమానించి జాతీయోద్యమంలో నిలిచిన మహిళ ఆమె. సహాయ నిరాకరణ రోజుల్లో ట్రూప్ బజార్‌లోని వారి ఇల్లు ఆబిద్ మంజిల్‌లో విదేశీ వస్త్రాలను కుప్పపోసి తగలబెట్టారు. సర్కారు కొలువు చేసే ఇంట్లో అలాంటి పని చేయడానికి ఎంత ధైర్యం కావాలో ఆలోచించండి. పెద్దకొడుకు బద్రుల్ హసన్ గాంధీజీ వద్ద ‘యంగ్ ఇండియా’ పత్రికలో పనిచేశారు. ఆబిద్ కూడా కొంతకాలం సబర్మతీ ఆశ్రమంలో గడిపి, తరువాత ఇంజినీరింగ్ చదువు కోసం జర్మనీ వెళ్లారు.

అక్కడ ఉండగానే రెండో ప్రపంచ యుద్ధం మొదలైంది. 1941 జనవరిలో సుభాష్ చంద్రబోస్ కలకత్తాలోని తన ఇంటి నుంచి బ్రిటిష్ నిఘా కన్నుగప్పి బయటపడ్డారు. అప్పుడు ఆయన వేసుకున్న వేషం ఒక పఠాన్ ఇన్సూరెన్స్ ఏజెంటుది. పెట్టుకున్న పేరు మొహమ్మద్ జియావుద్దీన్. ఒక హిందూ నాయకుడు ముస్లిం పేరుతో దేశం దాటాడు. ఆయన వెంట నడిచిన ముస్లిం యువకుడు తరువాత కాషాయం పేరు పెట్టుకున్నాడు. స్వాతంత్ర్య పోరాట చరిత్రలో ఈ రెండు పేర్లనూ పక్కపక్కన పెట్టి చదవాలి.

బెర్లిన్ చేరిన నేతాజీని ఆబిద్ కలిశారు. ముందు చదువు పూర్తి చేసి ఆ తరువాత ఉద్యమంలోకి వస్తానని చెప్పారట. ఇంత చిన్న విషయానికే వెనకాడితే పెద్ద పనులు ఎలా చేస్తావని నేతాజీ మందలించారని చరిత్రకారులు రాశారు. ఆబిద్ చదువు విడిచిపెట్టి నేతాజీకి కార్యదర్శిగా, దుబాసీగా చేరిపోయారు.

శిబిరంలో ఎదురైన చిక్కు

ఉత్తర ఆఫ్రికా యుద్ధరంగంలో జర్మన్లకు చిక్కిన భారతీయ సైనికుల నుంచి నేతాజీ ఒక దళాన్ని ఏర్పాటు చేయసాగారు. క్రమంగా అది సుమారు 3,000 మంది దళమయ్యింది. ఇక్కడొక చిక్కు వచ్చింది. బ్రిటిష్ వారు భారత సైన్యాన్ని కులం, మతం, ప్రాంతం ఆధారంగా విడదీసి నడిపేవారు. సిక్కుల కంపెనీ వేరు, పంజాబీ ముస్లింల కంపెనీ వేరు, రాజ్‌పుత్రుల కంపెనీ వేరు. వంటశాలలూ వేరే. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా ఉంచడమే వారి విధానం. నేతాజీ దీనికి పూర్తిగా భిన్నమైన మార్గం పట్టారు. అన్ని మతాలవారినీ ఒకే దళంలో కలిపారు, ఒకే చోట భోజనం పెట్టించారు.

కలిపినంత మాత్రాన మనసులు కలవవు. పొద్దున్నే ఎదురుపడితే హిందూ సైనికుడు ‘రామ్ రామ్’ అనేవాడు, సిక్కు ‘సత్ శ్రీ అకాల్’ అనేవాడు, ముస్లిం ‘సలామ్ అలైకుమ్’ అనేవాడు. ఎవరి పలకరింపు వారిదే. అందరూ వాడుకోగల ఒక మాట వెదకమని నేతాజీ ఆబిద్‌కు అప్పగించారు. నరేంద్ర లూథర్ రాసిన హైదరాబాద్ గాథల ప్రకారం, ఆబిద్ మొదట ‘హలో’ అని సూచించి చీవాట్లు తిన్నారట. తరువాత శిబిరంలో తిరుగుతూ ఉండగా రాజ్‌పుత్ సైనికులు ‘జై రామ్‌జీ కీ’ అని పలకరించుకోవడం ఆయన చెవిన పడింది. ఆ లయ నచ్చింది. దానిని ‘జై హిందుస్తాన్ కీ’ అని మార్చారు. అది ఇంకా కుదించుకుని ‘జైహింద్’ అయింది.

చూడండి, ఆ నినాదంలోనే ఒక పాఠం ఉంది. పక్కవాడి ప్రార్థనను ఆయన గౌరవంగా విన్నాడు. దాని అందం గుర్తించాడు. అందులోంచే అందరిదీ అయిన మాటను తీశాడు. స్వతంత్ర భారతం 1947 నవంబరు 21న విడుదల చేసిన తొలి తపాలా బిళ్లపై జాతీయ పతాకం బొమ్మ పక్కన అచ్చయిన మాట ‘జైహింద్’. ఒక హైదరాబాదీ నోట రూపుదిద్దుకున్న మాట ఊరూరికీ ఉత్తరాలతోపాటు చేరింది.

రంగు దగ్గర వచ్చిన తగవు, వచ్చిన పేరు

పలకరింపు కుదిరింది గానీ రంగు దగ్గర మళ్లీ తగవు వచ్చింది. ఆజాద్ హింద్ పతాకం ఎలా ఉండాలన్న చర్చలో హిందూ సైనికులు కొందరు కాషాయం కావాలన్నారు. ముస్లిం సైనికులు కొందరు ఆకుపచ్చ కావాలన్నారు. దేశానికి వేల మైళ్ల దూరంలో, పరాయి గడ్డపై, తిరిగి ఇంటికి చేరుతామో లేదో తెలియని మనుషులు వీళ్లు. అలాంటివారికి రంగు అంటే ఊరు, ఇల్లు, గుడి, మసీదు అన్నీ. అందుకే అది చిన్న విషయంగా తీసిపారేయడానికి వీల్లేదు.

ఆబిద్ జీవితాన్ని రాసినవారు చెప్పే వృత్తాంతం ఇది: చివరకు హిందూ సైనికులే ఒక మెట్టు దిగారు. కాషాయం కావాలన్న తమ పట్టుదలను వారే విడిచిపెట్టారు. గెలవగల వాదాన్ని ఐకమత్యం కోసం వదులుకున్నారు. ఆ సంగతి ఆబిద్ హృదయాన్ని కదిలించింది. వారు వదులుకున్న రంగును నేను మోస్తాను అన్నట్టుగా, ఆయన తన పేరు చివర ‘సఫ్రానీ’ అని చేర్చుకున్నారు. ఆనాటి నుంచి ఆయన ఆబిద్ హసన్ సఫ్రానీ.

ఈ మాట పుట్టుక కూడా తెలుసుకోదగినదే. అరబ్బీలో కుంకుమపువ్వును ‘జాఫ్రాన్’ అంటారు. మన బిర్యానీలో, జర్దాలో పాలతో కలిపి చల్లేది అదే. ఆ అరబ్బీ మాట ఐరోపా భాషల్లోకి వెళ్లి జర్మన్‌లో సఫ్రాన్, ఆంగ్లంలో సాఫ్రన్ అయింది. దానికి మన ‘ఈ’కారం చేర్చితే సఫ్రానీ. అంటే కాషాయానికి చెందినవాడు. బుఖారీ, చిష్తీ, ఖాద్రీ లాంటి నిస్బతే ఇదీ. ఆయన తనను ఒక ఊరితోనో వంశంతోనో కాక, తోటివారి త్యాగంతో ముడివేసుకున్నారు.

త్యాగం అంటే ఏమిటి?

త్యాగం అనగానే ప్రాణత్యాగం, ధనత్యాగం మన మనసులోకి వస్తాయి. జెండాలో ఒక రంగు వద్దనుకోవడం అంత పెద్ద త్యాగమా అని మా విద్యార్థులు అడుగుతుంటారు. ఆ ప్రశ్నకు జవాబు మన జెండా చరిత్రలోనే ఉంది. ఆ చరిత్రలో మన తెలుగువారి పాత్ర కూడా చాలా ఉంది.

కృష్ణా జిల్లా భట్లపెనుమర్రుకు చెందిన పింగళి వెంకయ్య 1921లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశాల సందర్భంగా గాంధీజీకి ఒక పతాకం నమూనా ఇచ్చారు. అందులో ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లింలకు గుర్తు. మిగతా మతాలవారి కోసం తెలుపు చేర్చాలని గాంధీజీ సూచించారు. అంటే మొదట్లో రంగులకు మతాల అర్థాలే ఉండేవి. దీనివల్ల తగవులు వచ్చాయి. మా రంగు ఏదని ఒకరు, మా రంగు పైన లేదేమని మరొకరు అడిగారు. 1931లో కరాచీలో కాంగ్రెస్ ఏడుగురితో ఒక పతాక సంఘాన్ని వేసింది. వల్లభ్‌భాయ్ పటేల్, అబుల్ కలాం ఆజాద్, మాస్టర్ తారాసింగ్, జవాహర్‌లాల్ నెహ్రూ అందులో సభ్యులు. మన బందరు డాక్టరు భోగరాజు పట్టాభి సీతారామయ్య దానికి కన్వీనర్. జెండా మొత్తం కాషాయ రంగులో ఉండి, దానిమీద చరఖా ఉండాలని ఆ సంఘం సిఫారసు చేసింది. అఖిల భారత కాంగ్రెస్ కమిటీ దానికి ఒప్పుకోలేదు. అదే ఏడాది ఆగస్టులో బొంబాయిలో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ రంగుల పతాకాన్ని ఆమోదించింది. ఈ రంగులకు మతాలతో సంబంధం లేదని కూడా స్పష్టంగా ప్రకటించింది. కాషాయం ధైర్యానికి, త్యాగానికి. తెలుపు సత్యానికి, శాంతికి. ఆకుపచ్చ విశ్వాసానికి, శౌర్యానికి చిహ్నాలని తేల్చింది.

1947 జూలై 22న రాజ్యాంగ సభలో జాతీయ పతాకాన్ని ఆమోదించిన రోజు సర్వేపల్లి రాధాకృష్ణన్ కూడా కాషాయాన్ని త్యాగానికి, నిస్వార్థానికి గుర్తుగానే వివరించారు. దేశాన్ని నడిపేవారు స్వలాభం విడిచి పనిలో లీనం కావాలన్నది ఆయన వివరణ సారాంశం.

ఇప్పుడు జర్మనీలోని ఆ శిబిరానికి తిరిగి వెళదాం. కాషాయానికి అర్థం త్యాగం. ఆ రంగు కోసం పట్టుబట్టినవారు ఆ రంగునే వదులుకున్నారు. అంటే రంగును చేతిలోంచి విడిచి, దాని అర్థాన్ని చేతల్లో చూపారు. ఆబిద్ ఈ సూక్ష్మాన్ని గ్రహించారు. ‘మన వైపు గెలిచింది’ అని ఆయన సంబరపడలేదు. ఇచ్చినవాడి చేయి కిందికి దిగి ఉండకూడదని, పుచ్చుకున్నవాడు దానిని గుర్తుంచుకోవాలని తన పేరునే సాక్ష్యంగా పెట్టారు. చివరకు జర్మనీలోని ఆ దళం సైనికులు భుజాన ధరించిన గుర్తులో కాషాయం, తెలుపు, ఆకుపచ్చ మూడూ ఉన్నాయి. నడుమ లంఘించే పులి ఉంది. పులి అనగానే మనకు టిప్పు సుల్తాన్ గుర్తుకు వస్తారు.

పేరుకు తగిన నడత

ఎంత గొప్ప పేరు పెట్టుకున్నా నడత తోడు కాకపోతే అది బోర్డుమీది రాతే. సఫ్రానీ తన పేరుకు తగినట్టే నడిచారు.

1943 ఫిబ్రవరిలో నేతాజీ జర్మనీలోని కీల్ రేవు నుంచి జలాంతర్గామిలో తూర్పు ఆసియాకు బయలుదేరారు. ఆ ప్రయాణంలో వెంట ఉన్న ఏకైక భారతీయుడు ఆబిద్ హసన్. ఎటు వెళుతున్నామో ఆయనకు ముందుగా చెప్పనైనా లేదు. ఇరుకైన గది, ఎటు చూసినా డీజిల్ వాసన, పైన శత్రువుల నౌకలు. అందులోనే నేతాజీ తన పుస్తకాన్ని సవరిస్తూ, ప్రసంగాలు చెబుతూ ఉంటే ఆబిద్ టైపు చేశారు. ఏప్రిల్ చివరలో మడగాస్కర్ సమీపాన, ఎగసిపడే అలల మధ్య రబ్బరు పడవలో జపాన్ జలాంతర్గామికి మారారు. మే నెలలో సుమత్రా వద్ద సబాంగ్ రేవు చేరారు. మొత్తం మూడు నెలల ప్రయాణం.

అదే ఏడాది సింగపూర్‌లో జరిగిన ఒక ఘటన మనం తప్పక గుర్తుంచుకోవాలి. అక్కడి చెట్టియార్ల ఆలయంవారు దసరా వేళ నేతాజీని ఆహ్వానించారు. ఉద్యమానికి విరాళం ఇస్తామన్నారు. అన్ని కులాల, అన్ని మతాల నా సహచరులను కూడా లోపలికి రానిస్తేనే వస్తానని నేతాజీ షరతు పెట్టారు. ఆలయంవారు అందుకు ఒప్పుకున్నారు. నేతాజీ వెంట ఆబిద్ హసన్, మొహమ్మద్ జమాన్ కియానీ గర్భగుడి ముందుదాకా వెళ్లారు. అందరి నుదుటా బొట్టు పెట్టారు. బయటకు వచ్చాక నేతాజీ తన బొట్టు తుడుచుకున్నారు, వీరూ తుడుచుకున్నారు. ఎవరి విశ్వాసం వారికి ఉంది, ఎదుటివారి గౌరవానికి లోటు రాలేదు. కోట్లాది మంది కలిసి బతికే దేశంలో ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది?

జనగణమనను ఆజాద్ హింద్ కోసం హిందుస్తానీలో మలచినవారిలో ఆబిద్ ఒకరు. ముంతాజ్ హుసేన్ ఆయనకు తోడయ్యారు. కెప్టెన్ రామ్ సింగ్ ఠాకూరీ బాణీ కూర్చారు. ‘శుభ్ సుఖ్ చైన్’ అనే పేరుతో అది ఆజాద్ హింద్ సర్కారు జాతీయ గీతమైంది. రవీంద్రుడు జనగణమనను ఆంగ్లంలోకి మార్చింది మన మదనపల్లెలో, 1919లో. అదే గీతాన్ని అందరికీ అర్థమయ్యే హిందుస్తానీలోకి తేవడంలో హైదరాబాదీ చేయి ఉంది. ఈ రెండూ మన పిల్లలకు చెప్పవలసినవే.

1944లో ఇంఫాల్ రంగంలో ఆబిద్ సైనికులతో ఉన్నారు. వర్షాలు, మలేరియా, ఆకలి నడుమ సాగిన ఆ తిరోగమనం గురించి తరువాత ‘ద మెన్ ఫ్రమ్ ఇంఫాల్’ అనే రచనలో చెప్పారు. ఎన్నో భాషలవారు, ఎన్నో మతాలవారు ఒకే మనుషులై ఎలా నడిచారన్నది అందులోని సారం. 1945 ఆగస్టు 17న సైగాన్‌లో నేతాజీ చివరి విమానం ఎక్కినప్పుడు వీడ్కోలు చెప్పిన కొద్దిమందిలో ఆయనా ఒకరు. విమానంలో చోటు లేక ఆయన అక్కడే ఆగిపోవలసి వచ్చింది.

యుద్ధం ముగిశాక ఖైదు అనుభవించి విడుదలయ్యారు. 1948లో భారత విదేశాంగ సర్వీసులో చేరారు. ఈజిప్టు, చైనా, స్విట్జర్లాండ్, ఇరాక్, సిరియా, సెనెగల్, డెన్మార్క్ దేశాల్లో పనిచేశారు. 1969లో పదవీ విరమణ చేసి సొంత ఊరు హైదరాబాద్ చేరారు. 1984లో కన్నుమూశారు. రాయబారిగా ఏ దేశానికి వెళ్లినా సఫ్రానీ అన్న పేరుతోనే పరిచయమయ్యారు.

ఇంటి నుంచి బడికి

ఆ పేరు ఆయనతో ఆగిపోలేదు. ఆయన అన్న బద్రుల్ హసన్ కుమార్తె సురయ్యా హసన్ హిమ్రూ, పైఠనీ నేతలకు మళ్లీ ప్రాణం పోసిన మహిళగా దేశమంతటికీ తెలుసు. ఆమె వివాహం నేతాజీ అన్న కుమారుడు అరవింద బోస్‌తో జరిగింది. అలా ఆమె సురయ్యా హసన్ బోస్ అయ్యారు. ఒకే ఇంట్లో ముస్లిం బాబాయి పేరు చివర కాషాయం, ఆయన బిడ్డ లాంటి అమ్మాయి పేరు చివర బోస్!

ఆమె హైదరాబాద్ శివార్లలో, దర్గా హుస్సేన్ షావలీ ప్రాంతంలో మగ్గాలు పెట్టించి, ఆసరా లేని మహిళలకు, ముఖ్యంగా భర్తను కోల్పోయినవారికి నేత నేర్పించి కూలి కల్పించారు. ఆ ఆవరణలోనే బాబాయి జ్ఞాపకంగా సఫ్రానీ మెమోరియల్ హైస్కూల్ నెలకొల్పారు. ఆమె 2021లో కన్నుమూశారు. పేదింటి పిల్లల హాల్ టికెట్ల మీద, టీసీల మీద, మార్కుల జాబితాల మీద ‘సఫ్రానీ’ అన్న మాట అచ్చవుతూ వచ్చింది. ఏనాడో జర్మనీలోని శిబిరంలో పేరు తెలియని సైనికులు కొందరు తమ పంతం విడిచిపెట్టారు. దాని జ్ఞాపకం ఈ ఊళ్లో ఒక పాఠశాల పేరై మిగిలింది. ఒక మంచి పనికి ఇంతకంటే సదఖా-ఎ-జారియా ఏముంటుంది?

మన పిల్లలకు ఏం చెప్పాలి?

ఏటా ఆగస్టు వచ్చిందంటే బడిలో కాగితపు జెండాలు తయారు చేయిస్తాం. పిల్లలు రంగులు వేస్తూ అడుగుతారు: ‘సార్, ఇందులో మనది ఏ రంగు?’ ముస్లిం పిల్లలూ అడుగుతారు, హిందూ పిల్లలూ అడుగుతారు. ఈ ప్రశ్న వారికి ఇంటి నుంచో వీధి నుంచో సెల్‌ఫోన్ నుంచో వచ్చి ఉంటుంది. పదకొండేళ్ల పిల్లవాడి చేతిలో క్రేయాన్ ఆగిపోవడం చూస్తే మాకు భయం వేస్తుంది. ఇవాళ రంగు దగ్గర ఆగిన చేయి రేపు స్నేహం దగ్గర, ఇల్లు అద్దెకు ఇచ్చే దగ్గర, దుకాణంలో సరుకు కొనే దగ్గర ఆగుతుంది.

ఆ ప్రశ్నకు ఉపన్యాసంతో జవాబు చెబితే పిల్లల చెవికి ఎక్కదు. ‘మన హైదరాబాద్‌లో ఒకాయన ఉండేవాడు, ఆయన పేరు జైనుల్ ఆబిదీన్ హసన్...’ అని కథ మొదలుపెడితే తరగతి నిశ్శబ్దమవుతుంది. కథ ముగిశాక, ‘మరి ఆయనది ఏ రంగు?’ అని తిరిగి మేము అడుగుతాం. పిల్లలు కొంచెం ఆలోచించి ‘మూడూ’ అంటారు.

ఉర్దూలో ‘ఈసార్’ అనే మాట ఉంది. తనకు అవసరం ఉండి కూడా ఎదుటివారికి ముందు ఇవ్వడాన్ని ఈసార్ అంటారు. అన్సార్ల ఈ గుణాన్ని ఖుర్ఆన్‌లోని సూరా హష్ర్ ప్రశంసించింది. మన సంస్థ వంటివి జకాత్, సదఖా సొమ్ముతో ఫీజులు కట్టడం, పుస్తకాలు ఇవ్వడం, వైద్యానికి సాయపడడం అన్నీ ఆ బాటలోనివే. సఫ్రానీ కథ ఇందులో రెండో సగాన్ని మనకు నేర్పుతుంది. ఇవ్వడం ఎంత పుణ్యమో, ఎదుటివారు ఇచ్చినదాన్ని గుర్తించి నోరారా చెప్పడం అంత అవసరం. మన వీధిలో రంజాన్ నెలలో ఇఫ్తార్‌కు తన దుకాణం ముందు చోటు ఇచ్చే పొరుగువాడు ఉంటాడు. కరోనా రోజుల్లో మన జనాజాకు భుజం పట్టిన ఇతర మతస్తులు ఉంటారు. మన బడికి స్థలమిచ్చిన ఊరి పెద్దమనిషి ఉంటాడు. వారి పేర్లు మన పిల్లలకు తెలుసా? వారి ఇళ్లలో మన పేర్లు చెప్పుకునేలాంటి పని మనం చేశామా?

అందుకే కొన్ని చిన్న పనులు చేద్దామని మనవి. మన పాఠశాలల వార్షికోత్సవాల్లో సఫ్రానీ గారి జీవితాన్ని ఒక చిన్న నాటికగా వేయించవచ్చు. వ్యాసరచన పోటీకి ‘నేను మరచిపోలేని ఇతరుల మేలు’ అని అంశం ఇవ్వవచ్చు. మన సంస్థ ఇచ్చే ఉపకార వేతనాల్లో ఒకదానికి, ఏ మతస్తుడైనా సరే, ఊరికి మేలు చేసిన పొరుగువారి పేరు పెట్టవచ్చు. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. మనసు ఉంటే చాలు.

పేర్లు పెట్టే హక్కు పెద్దలది. ఆ పేరుకు చివర ఏం చేర్చుకుంటామన్నది మన చేతుల్లో ఉంది. ఆబిద్ హసన్ తన పేరు పక్కన తోటివారి త్యాగాన్ని చేర్చుకున్నారు. ఈసారి జెండా వందనంలో ‘జైహింద్’ అన్నప్పుడు, ఆ మాట చెప్పినవారి పూర్తి పేరు ఏమిటో, ఆ పేరు ఎందుకు వచ్చిందో మన పక్కన నిలబడిన బిడ్డకు ఒక్కసారి చెబుదాం.